తలనొప్పి గాలి

జ్యూరిక్‌లో నా ఉద్యోగం
గాలికి ధర కట్టడం.

నిజంగానే. ఆరో అంతస్తులో,
సరస్సు కనిపించే వైపు కాదు,
ట్రాములు మలుపు తిరుగుతూ కీచుమనే వైపు,
రెండు తెరల ముందు కూర్చుని
ఏ సముద్రం మీద ఏ తుఫాను లేస్తే
ఎన్ని కోట్లు కొట్టుకుపోతాయో చెబుతాను.
బీమా కంపెనీలకు బీమా చేసే కంపెనీ మాది.
భయానికి భయం అమ్ముతాం అంటాడు ఊర్స్,
నవ్వకుండా.
ఇక్కడ హాస్యం నవ్వకుండా ఆడతారని తెలియడానికి
నాకొక చలికాలం పట్టింది.

వచ్చిన కొత్తలో, కుదరని పని ఒకటి చెప్పారు.
"చూస్తాను" అన్నాను.
మా లేతేలో ఆ మాటకి కుదరదనే అర్థం.
రెగులా దాన్ని రాసుకుని
ఎదురుగా తేదీ వేసింది.
ఆ తేదీకి ముందు మూడు రాత్రులు నేను పడుకోలేదు.

మేడ కింద బట్టలుతికే గదికి ఒక్కటే తాళంచెవి.
మంగళవారం ఆరు నుంచి ఎనిమిది నా వంతు.
ఒక మంగళవారం మీటింగు ఎనిమిదిన్నర దాకా సాగింది.
వారం రోజులు
మాసిన చొక్కా మీద కోటు గుండీ విప్పకుండా
లక్షల ఇళ్ల పతనం గురించి మాట్లాడాను.

మార్చిలో ఒకరోజు ఆఫీసంతా నుదురు పట్టుకుని కూర్చుంది.
ఫ్యోన్ వచ్చింది అన్నారు.
ఎవరి ఫోన్ అన్నాను.
కాదట, గాలి. దక్షిణాన కొండలు దిగి వచ్చే వెచ్చటి గాలి.
అది వీస్తే తల పగిలిపోతుందట,
భార్యాభర్తలు పోట్లాడుకుంటారట.
కిటికీ తెరిచి చెయ్యి బయట పెట్టి చూశాను.
మా ఊళ్లో ఇలాంటి దానికి
బట్టలు ఆరేసుకుంటాం.
మరుగుదొడ్డిలోకి వెళ్లి, నీళ్లు వదిలి,
కడుపుబ్బా నవ్వాను.

జనవరి ఒకటికి ఒప్పందాలన్నీ తిరగరాయాలి.
కాబట్టి డిసెంబరు అనే నెల మాకు లేదు.
క్రిస్మస్ ముందు తొమ్మిది తెల్లవారుజాముల పూజలకీ
నేను మేలుకునే ఉన్నాను,
అంకెల పట్టిక ముందు.

ఆ రోజుల్లోనే, రాత్రి పదకొండింటికి,
ఒక గడి మీద కర్సర్ ఆగింది.
కిలోమీటరు పొడుగు, కిలోమీటరు వెడల్పు.
అందులో తక్లోబాన్‌లో మా వీధి.
పైకప్పు రకం: తెలియదు.
తెలియని కప్పులన్నిటికీ
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు
ఒకటే అంకె.

నాకు తెలుసు కదా.
రొట్టెల కొట్టు: రేకులు, సముద్రం వైపు మేకులు తుప్పు.
డాక్టర్ ఓబియాస్ ఇల్లు: కాంక్రీటు,
ఆ రాత్రి దాని మీద నలభై మందిమి.
పడవలు బాగుచేసే నెస్టోర్‌ది: నీపా ఆకు.
మాది: రేకులు.
తర్వాత, ఏమీ లేదు.
తర్వాత మళ్లీ రేకులే, పైన పాత టైర్ల బరువు.

పొద్దున్నే రెగులా అడిగింది, ఆధారం ఏమిటి అని.
కాసేపు నీళ్లు నమిలాను.
చూశాను, అన్నాను.
ఈసారి ఆ మాటకి ఒక్కటే అర్థం.
ఆమె ఏమీ అనలేదు. ఓదార్చలేదు.
ఆధారం అనే వరుసలో టైపు చేసింది:
మారిసెల్ అబ్రెనికా, ప్రత్యక్ష పరిశీలన.
పక్కన తేదీ వేసింది.

మా గడి ధర పెరిగింది.
మా వీధిలో ఎవరికీ బీమా లేదు కనుక
ఎవరికీ తెలియలేదు.

ఇది మూడో ఏడు.
ఇవాళ పొద్దుట్నుంచీ కుడి కణత దగ్గర ఒకటే పోటు.
అంకెలు అలుక్కుపోతున్నాయి.
ఊర్స్ మీద ఊరికే విసుక్కున్నాను.
అతను కిటికీ వైపు చూశాడు.
సరస్సు అవతలి కొండలు
చేత్తో అందుకునేంత దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.
ఫ్యోన్ రోజున అంతే, అలాగే కనిపిస్తాయి.

కొలిచే యంత్రమే ఎగిరిపోయిన గాలిలో
స్తంభాన్ని కావలించుకుని తెల్లవార్చిన తల ఇది.
దీనికి,
ఈ కాస్త గాలికి!

ఊర్స్ సొరుగులోంచి మాత్ర తీసి బల్ల మీద పెట్టాడు.
"ఇంక నువ్వు ఇక్కడిదానివే" అన్నాడు,
నవ్వకుండా.
నేనూ నవ్వకుండా మింగాను.

మంగళవారం కదూ.
ఆరింటికి తాళంచెవి నాది.