వెడల్పు

అగస్తూవ్ దాటి అడవి మొదలయ్యే మలుపులో
నాదో రేకుల షెడ్డు.
ఇరవై తొమ్మిదేళ్లుగా
బండ్ల నెత్తిన తీగలు నిలబెడుతున్నాను.
బ్రోంకా అత్త అంటారు లారీవాళ్లు,
ఎవరికి అత్తనో ఎవరికీ తెలీదు.

ఫిబ్రవరి. మైనస్ పదకొండు.
సెవెరిన్ అనే కుర్రాడు తెల్ల వ్యాను దిగాడు.
మేనమామ పోతే బండి వచ్చిందట,
బండి వెంట పాలకేంద్రాల రూటూ వచ్చిందట.
"పొట్టి యాంటెన్నా ఇవ్వు, జానెడు చాలు.
పొడుగుది పెడితే ముసలాళ్ల బండిలా ఉంటుంది."

జానెడు తీగకి
జానెడు లోకమే వినిపిస్తుంది నాయనా.
అల పొడవు పదకొండు మీటర్లు.
అందులో పావువంతైనా పైకి లేవాలి.
అంత లేస్తే వంతెనలు ఊరుకోవు.
అందుకని, మిగిలిన పొడవుని
మొదట్లో చుట్ట చుట్టి దాస్తాం,
బుట్టలో పాములా.
ఎంత దాస్తే అంత పోతుంది.
దాచుకోవడం ఉచితమని ఎవరన్నారు?

చివరికి మీటరున్నర దగ్గర బేరం తెగింది.

నడినెత్తిన పెడితే నాలుగు దిక్కులా ఒకేలా పలుకుతుంది.
కానీ అక్కడ వాళ్ల మామ బిగించిన నిచ్చెన,
విప్పనివ్వడు.
సరే, వెనక ఎడమ మూల.
ఇక నీ మాట ముందుకీ కుడికీ ఒరుగుతుంది,
బండి ఒళ్లు ఎటుంటే అటు.
వెనకవాళ్లు సరిగా వినలేదని తిట్టుకోకు.

మీటరు తగిలించాను.
ముల్లు మూడు దాటింది.
వాడు అప్పుడే కట్టరు అందుకున్నాడు.

ఆగు!
పొడుగుంటే కోయొచ్చు. కోసింది అతకదు.
ముందు కాళ్లు చూడు, తర్వాత తల.

బోల్టు విప్పి చూస్తే పెయింటు,
మామ ముచ్చటపడి వేయించినది,
నున్నగా, మందంగా.
తీగ పట్టుకున్నది బండిని కాదు, రంగుని.
బ్లేడుతో గీకాను,
బిళ్లంత మేర ఇనుము తెల్లగా నవ్వేదాకా.
వేళ్లు మొద్దుబారాయి, రెండుసార్లు ఊదుకున్నాను.
ముల్లు రెండుకి దిగింది.

తలుపు మూయి. నువ్వూ దూరం జరుగు.
పక్కన మనిషుంటే ముల్లు అబద్ధమాడుతుంది.

ఒకటో ఛానల్లో ఒకటిన్నర.
నలభైలో రెండుంబావు.
పై మెట్టులో ఎక్కువంటే తీగ పొడుగు.
ఇప్పుడు కోయి.
బియ్యపు గింజంత.
మళ్లీ చూడు.
మళ్లీ గింజంత.
రెండు కొసలూ సమానమయ్యేసరికి
పందొమ్మిదిలో ఒకటీ పాయింటు రెండు.

"ఒకటికి తేలేవా?"
ఒకటి పుస్తకాల్లో ఉంటుంది. బండి మీద ఉండదు.

కోసిన ముక్కల్ని జాం సీసాలో వేశాను,
అందరివీ అందులోనే.
ఊపితే చిన్న వానలా చప్పుడు.
ఎందుకు దాస్తున్నానో అడగొద్దు.

"ఇక పలుకు," అన్నాను.
గొంతు సర్దుకుని, మైకు మరీ దగ్గరగా పెట్టుకుని,
"దారి ఎలా ఉంది?" అన్నాడు.

పెనం మీద నూనె చిటపట.
తర్వాత ఒక ఆడగొంతు, సువాల్కి వైపు నుంచి,
కలప లారీ కాబోలు:
"బాగా వినబడుతున్నావ్.
పద్నాలుగో కిలోమీటరు రాయి దగ్గర
గుర్రమంత దుప్పి నిలబడింది, హారన్‌కి కదలడం లేదు.
మెల్లగా రా. ఇంతకీ నీ పేరేంటి?"

ఛానల్ మీద సొంత పేరు చెప్పకూడదని వాడికి తెలుసు.
వేరే పేరు లేదు.
బెంబేలెత్తి నా వైపు చూసి
"జానెడు," అన్నాడు.

ఆమె నవ్వు రేకుల షెడ్డంతా నిండింది.

వెళ్లొస్తానని అనరు ఇక్కడి డ్రైవర్లు.
షెరొకోష్చి అంటారు, అంటే వెడల్పు.
క్షేమం కాదు, లాభం కాదు,
నీ దారి ఇరుకు కాకూడదని, అంతే.
ఆమె అంది. వాడు తడబడుతూ అన్నాడు.
ఆ మాట గాలిలోకి వెళ్లిన దూరం
నా మీటరు కొలవలేదు.

గురువారాలు అడవి దాటుతూ పిలుస్తాడు:
"అత్తా, జానెడుని. వెడల్పు!"
వెడల్పే, నాయనా.
ముప్పై జ్లోటీలు ఇంకా బాకీ ఉన్నావు.