రెండున్నర చుక్కలు

బుధవారం రాత్రులు నావి.
వీగో రేవు మీద వాన ఏటవాలుగా కొడుతుంటే
అయిదో అంతస్తు వంటింట్లో
ముందు ఫ్రిజ్ ప్లగ్గు పీకేస్తాను,
దాని గురగుర అడ్డురాకుండా.
(బుధవారం పాలు గురువారానికి విరుగుతాయి.)
ఆనక ఊరూ పేరూ లేని పాటల కవర్లు
ఒక్కొక్కటే చింపుతాను.

తప్పు.
ఊరూ ఉంటుంది, పేరూ ఉంటుంది.
లేనిది వినే మనిషే.

లూగోలో పశువుల డాక్టరొకాయన
తన విడాకుల మీద పదకొండు పాటలు కట్టాడు.
పాఠాలు చెప్పి చెప్పి గొంతు పోయిన టీచరమ్మ
ఆ పోయిన గొంతుతోనే పాడింది.
ముగ్గురు కుర్రాళ్ళు గ్యారేజీ తలుపునే డ్రమ్ము చేసి
చివర్లో "అమ్మా, వస్తున్నాం!" అన్న కేకని
కత్తిరించడం మరిచిపోయారు.
ఆ కేకకి అరచుక్క ఎక్కువ వేశాను.
ఎవరికీ చెప్పలేదు.

పగలంతా తాళంచెవులు కోసే కొట్టు నాది.
ఒక్క పన్ను తేడా వచ్చినా తలుపు తెరుచుకోదని
కొట్టుకొచ్చేవాళ్ళకీ పాట పంపేవాళ్ళకీ
ఒక్కలాగే చెబుతుంటాను.

వారపత్రిక చివరి పేజీలో నా చోటు అరచేయంత.
ఇటు చేపల ధరలు, అటు ఆటుపోట్ల వేళలు,
నడుమ నూట ఇరవై మాటలు,
అయిదింటికి ఇన్ని అని చుక్కలు.
"జాలి పడకు, జాలిపడితే జనం
నీ పేజీలో సార్డీన్లు చుట్టుకుపోతారు" అంటాడు ఎలాడియో.
పడకపోయినా చుట్టుకుపోతారు.
ఎడిటరు కదా, ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు.

షియానా పాట మార్చిలో వచ్చింది.
కవరు మూల ఉప్పు మరక.
గిటారు లేదు, ఏ వాద్యమూ లేదు.
పడవ తాడులా పేనిన ఒక ఆడగొంతు,
దాని వెనక మొదట్నుంచీ చివరిదాకా
ఒకటే రొద.

"గొంతు బాగుంది. పక్కన ఏదో మోటారు.
నిశ్శబ్దంలో ఇంకోసారి పాడితే విందాం."
రెండున్నర.
కాఫీ చల్లారకముందే పనైపోయింది.

పదకొండో రోజున ఉత్తరం.
కోపం లేదు అందులో.
ఉంటే జవాబు రాయడం తేలికయ్యేది.

"అయ్యా, బెర్బేస్‌లో చేపల చలిగోదాం,
రాత్రి కాపలా నాది.
మా తాత గైతా ఊదేవాడు.
మీకు చెప్పేదేముంది, గైతాకో పొడుగు గొట్టం ఉంటుంది,
భుజాన వాలి ఒకే స్వరాన్ని పట్టుకు వేలాడుతుంది.
గైతాని మా మామ అమ్మి మోపెడ్ కొన్నాడు.
మూడో నంబరు గది ఆ స్వరంలోనే మోగుతుంది,
కాస్త కిందికి.
అది పెరగలేదు గనక
నేనే తగ్గి పాడాను."

మళ్ళీ విన్నాను.
రొద మీద గొంతు ఆనుకుని ఉంది,
మెట్ల మీద ముసలివాడి భుజం పట్టుకున్నట్టు.
ఎవరు ఎవర్ని దింపుతున్నారో తెలియదు.
మూడో చరణంలో మోటారు చటుక్కున ఆగింది.
గాలిలో కాలు పెట్టింది గొంతు.
పడలేదు.
తొమ్మిది సెకన్లు, లెక్కపెట్టాను,
ఆ శ్రుతిని ఒక్కతే మోసింది.
మోటారు తిరిగి అందుకునేసరికి
ఇద్దరూ ఒకే చోట ఉన్నారు.

ముప్ఫై ఏళ్ళుగా వింటూనే ఉన్నాను.
చెవిన పెట్టింది ఎన్నింటినో!

సవరణ వేద్దామన్నాను.
"ఇంటిపేరు తప్పు పడితే వేస్తాం,
తేదీ తప్పు పడితే వేస్తాం.
చుక్కలకి సవరణేమిటి?" అన్నాడు ఎలాడియో.

తెల్లారుజామున బెర్బేస్‌కి పోయాను.
ఆ రాత్రి ఆమెకి సెలవట.
ఐసు పెట్టెలు మోసేవాడు సిగరెట్టు ఆర్పి
ఏం కావాలన్నాడు.
వినడానికొచ్చానన్నాను.
"ఇక్కడా?" అని నవ్వి దారి వదిలాడు.
మూడో నంబరు గోడకి అరచేయి ఆనించాను.
మోచేతిదాకా ఎక్కింది.

మొన్న బుధవారం
కొత్త కవర్లు ఆరు.
అలవాటుగా ఫ్రిజ్ వెనక చేయి పెట్టి
ప్లగ్గు పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
పీకలేదు.
పాలు విరుగుతాయని కూడా అనుకోవచ్చు మీరు.