కొలకర్ర

నా పని నీళ్లకు కొలత గీసుడు,
నీళ్లు లేని చోట.

హజర్ కొండల్ల రోడ్డు వాదీలకు దిగినకాడల్లా
ఇనుప గుంజలుంటయి.
తెలుపు, ఎరుపు, తెలుపు, ఎరుపు:
అరమీటరు, మీటరు, మీటరున్నర.
ఏటా ఎండలు ముదరకముందే
నేనూ ఓదెలూ డబ్బాలు మోసుకపోయి
రంగు కొత్తది చేస్తం.

వాదీ అంటే వాగే.
మా వాగుల చెలిమె తోడితే
ఎండాకాలమైనా బుక్కెడు ఊరేది.
ఇక్కడ గులకరాళ్ల కింద గులకరాళ్లే.
మేకలొచ్చి గుంజలకు వీపు గోక్కునేటియి.
"ఎవలకురా ఈ గీతలు?" అనేటోడు ఓదెలు.
"తేళ్లు ఈత నేర్చుకుంటయట" అనేటోణ్ని.

మూడో గుంజను ట్యాంకరు గుద్ది పడేసింది.
మల్లా పాతబోతే
మోకాలి లోతు దిగకముందే రాయి తగిలింది.
గడ్డపార మొన వంగింది.
జానెడు తక్కువే గదా అని
సిమెంటు పోసి, రంగేసి,
జీపు నీడకు కూలబడ్డం.

ఆ చలికాలం వాన పట్టింది.
మొదటిరోజు పండుగ. ఊరు ఊరంతా కార్లేసుకొని
వాదీ చూడొచ్చింది. పిల్లలు చొక్కాలిప్పి ఎగిరిండ్రు.
రెండోరోజు మసీదు మెట్లు మునిగినయి.
మూడోరోజు ఎవలూ ఏమీ అనలే.
ఈ కొండకు చెట్టు లేదు, మన్ను లేదు,
చుక్కనైనా కడుపుల దాచుకోదు,
పడ్డది పడ్డట్టే కిందికి తోస్తది.
రాత్రి రేకుల క్యాంపుల పండుకుంటే
వినొచ్చింది నీళ్ల చప్పుడు కాదు,
బండలు ఒకదాన్నొకటి నూరుకునుడు.

నాలుగోరోజు పొద్దుగూకంగ
ఖల్ఫాన్ పికప్ ఒడ్డున ఆగింది.
వెనక గడ్డిమోపులు, రెండు సూడి మేకలు.
అద్దం దించి మూడో గుంజ దిక్కు చూసిండు.
నేనూ చూసిన, మెరక మీదికెల్లి.
నీళ్లు అరమీటరు గీతకు బెత్తెడు కింద.
నేను కేకేసిన.
వాన తాగేసింది.

బండి నడిమికి పోయి
ఎవలో పిలిచినట్టు మెల్లగ పక్కకు తిరిగింది.
లైట్లు గుట్ట మీద పడ్డయి,
ఆకాశం మీద పడ్డయి,
మల్ల పడలే.

తెల్లారి హెలికాప్టరోళ్లు
ఆయనను రేగుచెట్టు మీదికెల్లి దించిండ్రు.
ఇక్కడ కూడ రేగే. అవే ముండ్లు.
మేకలు దొరకలే. గుంజ జాడ లేదు.
గుట్ట గోడకు నీళ్లు గీసుకున్న గీత
ఇద్దరు మనుషులెత్తున ఉంది,
బురదతోటి, తిన్నగ,
నాకంటే మంచిగ.

మూడురోజులకు ఆయన ఇంటికి పోయిన.
అరచేతులు వాచి ఉన్నయి.
మనుమడు సూది తెచ్చి నా చేతిల పెట్టిండు.
ఒక్కొక్క ముల్లే తీసిన.
పదకొండోది తీసేటప్పుడు చెప్పిన:
గుంజ. రాయి. సిమెంటు.
జానెడును అరబ్బీల ఏమంటరో నాకు రాదు.
చెయ్యి చాపి
బొటనవేలు నుంచి చిటికెనవేలు దాక చూపెట్టిన.

ఆయన చానసేపు చూసిండు నా చెయ్యిని.
"షిబర్" అన్నడు.
అని, తన చెయ్యి మల్ల నా ముంగట పెట్టిండు.

ఇంకా ముండ్లున్నయి.