ఊదారంగు కిటికీ

ఫిబ్రవరి. కెమి ఊళ్ళో సముద్రం గడ్డకట్టి దారైంది.
మూడో అంతస్తులో ఔలిక్కి
పెరుగు డబ్బాల అడుగున మేకుతో చిల్లులు పొడుస్తోంది.
మంచు చీల్చే ఓడలో ఇరవై ఆరేళ్ళు
ముప్పై మందికి గంజి కలిపిన చెయ్యి
ఇప్పుడు తడిపిన పంటిపుల్ల కొసతో
ఒక్కొక్క లొబేలియా గింజనీ ఎత్తుతోంది.
గింజ అనడం మర్యాదకే. అది ధూళి.
తుమ్మితే వేసవి పోతుంది.

మట్టి కప్పకూడదు. వెలుతురు తగలాలి.
వెలుతురు ఇక్కడ కొట్లో కొనుక్కునే సరుకు:
గొలుసుకు వేలాడే ఊదారంగు దీపం,
తెల్లవారుజామున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా.

ఎదురింటివాళ్ళు ఆ కిటికీని చూసి ఏమనుకున్నారో,
ఓ సాయంత్రం పోలీసు తలుపు తట్టాడు.
కుర్రాడు. బూట్ల మీద మంచు. పేరు యల్మారి.
"లోపల ఏం పెంచుతున్నారు?"

చూపించింది.
ప్లాస్టిక్ కాగితం లోపలి వైపు చెమట,
దాని కింద పచ్చటి నూగు,
అంతా ఒకే పక్కకి మెడ చాచి.

మోకాళ్ళ మీద కూర్చున్నాడు.
చాలాసేపటికి టోపీ తీసి, గొంతు తగ్గించి:
"నావి రెండాకులు రాగానే మొదట్లో కుళ్ళి పడిపోతాయి. ఎందుకు?"

"పైనుంచి పోస్తున్నావు నీళ్ళు.
పళ్ళెంలో పొయ్యి. దాహం ఎంతో వాటికే తెలుసు.
రోజూ ఓసారి అరచేత్తో నిమురు.
గాలి అనుకుని నడుం గట్టిచేసుకుంటాయి."

రిపోర్టులో ఏం రాశాడో తెలీదు.
కోటు లోపల, వైర్‌లెస్ సెట్టు పక్కన,
ఒక పెరుగు డబ్బా పెట్టుకుని మెట్లు దిగాడు.

బయట మైనస్ ఇరవై రెండు.
కారు దాకా నలభై అడుగులు.
పరిగెత్తాడు.