మందు పెట్టని రాయి

మౌలాలి గుట్ట కనబడేంత దూరంల,
రైలు పట్టాలకు ఇవతల
ఒక రేకుల గేటు.
గేటు వెనక మూడువేల ఏండ్ల కిందటి చావులు.
గేటు ముందు మా తమ్ముడు కొంరెల్లి
బండి స్టాండు వేసుకుంట
"ఎంతసేపు పడ్తదక్కా?" అన్నడు.

కావలి ఖదీర్ సాబ్ రెండు జేబులూ తడిమి
తాళంచెవి ఆఖరికి
టిఫిన్ డబ్బా సంచిలకెల్లి తీసిండు.

రాకాసి గుండ్లంటరు వీటిని.
ఇంత బరువు మనుషులెత్తలేరని
రాకాసుల పేర రాసిచ్చిన్రు.
నేను నమ్మ.
బరువెత్తేటోళ్ల ఇంట్ల పుట్టినదాన్ని.
గుండు కిందికి గునపం దూర్చి, చిన్నరాయి ఎగదోసి
ఒక్క ఊపుకు ఒక్క వేలెడు జరిపితే
పొద్దూకేసరికి ఎంతటిదైనా కదులుతదని
మా బాపు భుజం మీది కాయ చెప్పింది నాకు.

గుండ్రంగా ఇరవై రెండు గుండ్లు.
ఒకటి లేదు. ఆ జాగల తంగేడు మొలిచింది.
నడుమ నేలలకు దిగిన రాతిపెట్టె,
నాలుగు పలకలు ఒకదాన్నొకటి ఆనుకొని
ఇంకా జారకుండ.
తూర్పు పలకకు కన్నం,
పసిపిల్ల తల పట్టేంత.
"గందులకెల్లి బువ్వ పెట్టేటోల్లని ఒక సారు చెప్పిండు,
ఆత్మ పోయే తోవని ఇంకో సారు.
ఇద్దరూ కండ్లార సూసినట్టే చెప్పిన్రు," అన్నడు ఖదీర్ సాబ్.

ఎర్రనలుపు కుండలు దొరికినయట.
ఎముకల పక్కన, తుప్పుముద్దయిన ఇనుము:
ఒక గొడ్డలి. ఒక ఉలి.

కొంరెల్లి నా దిక్కు చూడలే.
బాపు పోయిన మూడోనాడు
సమ్మెట, నాలుగు శానాలు, గునపం
పాతినుము తరాజుల ఎక్కినయి.
కిలో ఇరవై ఆరు.
డప్పులోళ్ల బాకీ తీరి
పన్నెండు రూపాయలు మిగిలినయి.
ఆయన ఒట్టి చేతులతోనే మట్టిలకు పోయిండు.
చచ్చినోళ్లకూ పని ఉంటదని
మాకు ఎవరూ చెప్పలే.

అక్కడికెల్లి నాలుగడుగులేస్తే లోయ.
టికెట్టు ముప్పై.
ఇనుప జాలీ బాట గోడకు అతుక్కొని
మెలికలు తిరుగుకుంట పోతది.
కాళ్ల కింద జాలీ కండ్లల్లకెల్లి
డెబ్బై అడుగుల లోతు,
అట్టడుగున ఆకుపచ్చ నీళ్లు,
నీళ్ల మీద ఒంటి చెప్పు.
పైన పేలికంత ఆకాశం.
గాలి ఒక్కసారే వచ్చి కొంగు గుంజింది.
ఒకామె కండ్లు మూసుకొని
పెనిమిటి చొక్కా పట్టుకొని నడుస్తున్నది.
బోర్డు మీద తెల్ల అక్షరాలు:
"ప్రకృతి చెక్కిన అద్భుతం".

నేను గోడ తడిమిన.
చేతికి సగం గొట్టంలాంటి గాడి తగిలింది,
నిలువుగా, మూరెడు, నున్నగ.
పక్కన జానెడు ఎడంతోని ఇంకోటి.
మళ్ల జానెడుకు ఇంకోటి.
ప్రకృతి జానలు కొలవదు.

ఇక్కడ మందు కూరిన్రు. ఇక్కడ వత్తి పెట్టిన్రు.
ఎర్రగుడ్డ ఊపుకుంట బాపు ఉరికింది
ఇగో, ఈ ఎత్తు మీదనే.
అప్పుడిది నేల.
ఆయన పోసిన చెమటంత
ఇప్పుడు ఖాళీ.
టికెట్టు ఆ ఖాళీకి.

గుత్తేదారు ఆ రాకాసి గుండ్లు గూడ చూపెట్టిండట.
"ఎవడో మోసిపెట్టినయి సారూ,
మోసినోని కష్టం పగలగొట్ట,"
అని బీడీ ఆర్పిండట బాపు.
మరి తంగేడు మొలిచిన జాగల రాయి?
అడిగిన ఒకసారి.
అన్నం తినుడు ఆపి, చెయ్యి కడుక్కుండు.

నడుమకు వచ్చినంక కొంరెల్లి కడ్డీకి ఆనుకొని
దోసిళ్లు నోటికి పెట్టుకున్నడు.
బాపు గొంతే, అచ్చం.
"అవుట్! అవుట్! అవు...ట్!"
లోయ మూడుమాట్ల చెప్పింది.
అందరు నవ్విన్రు, ఫోన్లు ఎత్తిన్రు.
ఒక్కరు గూడ ఉరకలే.

నేను మాత్రం
అలవాటుకొద్ది గోడ పక్కకు ఒదిగి కూసున్న,
రెండు చేతులు నెత్తిమీద పెట్టుకొని,
రాయి పడేదాక.