పక్కపక్కన

రేవు రేడియో గది నోటుబుక్కులు అరవై ఒకటి.
కొన్నిటికి ఇంకా చేపనూనె వాసన.
క్లాక్స్‌విక్‌లో ముప్ఫై ఏళ్లు రన్‌వా రాసినవి.
ఆమె చేతిరాత
ఎదురుగాలిలో నడిచే మనిషిలా ముందుకి వంగి ఉంటుంది.

చలికాలమంతా వాటిని నేను టైపు చేశాను.
బార్దుర్ మెషిన్‌కి అప్పజెప్పాడు.
ఒక్కో వాక్యానికీ మూడువందల ఎనభై నాలుగు అంకెలట.
మాట కాదు, మాట నిలబడ్డ చోటు, అన్నాడు.
తలూపాను. టీ చల్లారింది.

ఊరికే, "పొగమంచు" అని వెతికాను.
"ఇవాళ కంచె దగ్గరి గొర్రె కూడా కనపడలేదు"
అన్న వాక్యం పైకొచ్చింది.
అందులో పొగ లేదు, మంచూ లేదు.
ఇద్దరి ఇంటిపేరూ ఒకటేనని
దానికెవరు చెప్పారో!

తర్వాత గుంపులు కట్టమన్నాం.
పెళ్లి బంతిలో వరసలు తెలిసిన పెద్దమనిషిలా
సర్ది కూర్చోబెట్టింది.
గాలివానలు ఒకచోట, ఇంజను జబ్బులు ఒకచోట,
డీజిలు అప్పులు,
ఎవరో ఎత్తుకుపోయిన తాడు గురించి
పదకొండు ఫిర్యాదులు ఓ మూల.
ఏ బంతిలోనూ ఇమడక, అంత దూరంగా, ఒక్కటే:
"ఈరోజు నా పుట్టినరోజు."

ఇరవై మూడో గుంపు దగ్గర
బార్దుర్ నొసలు ముడిపడింది.
"పడవ తిరిగొచ్చింది."
"పడవ తిరిగి రాలేదు."
తోడికోడళ్లలా భుజాలు రాసుకుని కూర్చున్నాయి.
నూటికి తొంభై నాలుగు పోలిక.

దీని రోగమే ఇది, అన్నాడు.
లేదు అన్నది చెవికెక్కదు దీనికి.
ఇంకో మోడల్ దింపుతాను, మళ్లీ తిప్పుదాం.

అతను కాఫీకి వెళ్లాక
ఆ రెండు తేదీలకీ పుస్తకాలు తెరిచాను.
టైపు చేసేటప్పుడు సిరా రంగు ఎవరు చూస్తారు?
"పడవ" నీలం.
మిగతాది నలుపు.
ముందు రోజుదీ అంతే. ఆ ముందు రోజుదీ.
వెలుతురుండగానే ఆ ఒక్క మాటా రాసిపెట్టుకుని
మిగతా గీతంతా ఖాళీగా వదిలి
కిటికీ దగ్గర కూర్చునేదన్నమాట,
సముద్రం దాన్ని పూర్తిచేసేదాకా.

చీకటి పడేదాకా
అవి రెండూ ఒకే వాక్యం.

బార్దుర్ వచ్చాడు, రెండు కప్పులతో.
కొత్త మోడల్ దిగుతోంది. పద్నాలుగు శాతం.
ఇక్కడ నెట్ నెమ్మది.
నేనేమీ చెప్పలేదు.
ఇరవై మూడో గుంపుని మాత్రం
వేరే పేరుతో దాచిపెట్టాను.