మూడు వందల అక్షరాలు

ఒతీలియా మాన్సిల్యా నేసిన గొంగడి తిరిగొచ్చింది.
దల్కావే రేవులో పడవెక్కి, వానలో తడిసి,
అచావో వీధిలో నా కొట్టు బల్ల మీదికి.
ఆమె చేతికి మగ్గం తెలుసు, నా చేతికి ఫోన్.
అందుకని ఆమె అంగడికి గుమాస్తాని నేనే,
తిట్లు ముందుగా చదివేదీ నేనే.

"ఫోటోలో ఉన్న పసుపు కాదు.
పైగా గొర్రె వాసన."

చదివి వినిపించాను.
ఒతీలియా కొంగుతో ముఖం మీది చినుకులు తుడుచుకుంది.
"మరి దేని వాసన రావాలట?"

గొంగట్లో తింటూ వెంట్రుకలేరే మనుషులు
సముద్రాల అవతల కూడా ఉంటారు, నాకు తెలుసు.
కానీ పసుపు విషయంలో తప్పు కొంత నాదే.
వెనక తెల్లగోడ ఉంటేనే ఫోటో తీసుకుంటామన్నారు.
పొగచూరిన ఇంట్లో తెల్లగోడ ఎక్కడ?
మంచం మీది దుప్పటి దండేనికి కట్టి,
మబ్బు విడిచేదాకా కాచుకున్నాం.
పదకొండు నిమిషాలు ఎండ కాసింది ఆ రోజు.
మిచాయ్ వేరు ఇచ్చిన పసుపు మీద
ఆ పదకొండు నిమిషాలు నేను ఊరికే కలిపి అమ్మాను.

టేపు కోశాను.
లోపల పులి.
ఊదారంగు అడవిలో నోరు తెరిచిన పులి,
ఫ్యాక్టరీలో అచ్చేసిన నైలాన్ దుప్పటి.
ఒతీలియా దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.
"దీనికి ఏ వాసనా లేదు," అంది,
ఎవరికో జబ్బు చేసిందని చెప్పినట్టు.

ఫోన్‌లో అప్పటికే తీర్పు వచ్చేసింది:
మీ వస్తువు మీకు చేరింది. కొన్నవారి డబ్బు వారికి ఇచ్చేశాం.
రానూ పోనూ కిరాయి మీ ఖాతాలో కోశాం.

సాయం అనే గుర్తు నొక్కితే
'నేను క్లారాని' అంటూ ఒకతె పలికింది.
"పాపం, ఈ వేళప్పుడు పనిలో ఉందా?
వాళ్ళమ్మ ఎలా ఉందో అడుగు," అంది ఒతీలియా.
అడిగాను.
క్లారాకి అర్థం కాలేదట.
కింది నాలుగింటిలో ఒకటి ఎంచుకోమంది.
మాది ఆ నాలుగింటిలో లేదు.

చివరికి ఒక గడి దొరికింది, మొర రాసుకోడానికి.
మూడు వందల అక్షరాలు మించకూడదు.

ఆమె చెప్పడం మొదలెట్టింది.
రెండు ఈతల గొర్రె, పేరు మోరా, దాని ఉన్ని.
బర్రియా వాళ్ళ కంచె కింద తవ్విన వేరు.
నేల మగ్గం ముందు మోకాళ్ళ మీద నలభై రోజులు,
కుడి మోకాలు ముందే చెడింది, అది వేరే కథ.
ఆ నెల వాన ఎలా పడిందంటే...

"నిండిపోయింది," అన్నాను.
"అప్పుడేనా?"
"మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా లెక్కే."
"ఊపిరి తీసుకునే చోటు కూడానా?"

కొట్టెయ్యడం మొదలెట్టాను.
ముందు వాన పోయింది.
తర్వాత మోకాలు.
మోరాని తీసేటప్పుడు ఆమె వైపు చూడలేదు.
మిగిలింది ఇది:
నేను నేసిన ప్రతి గొంగడికి ఒక మూల ఎర్రపోగు ఉంటుంది.
దీనికి లేదు. ఇది నాది కాదు.

కెటిల్ కూత వెయ్యకముందే జవాబొచ్చింది.
మీ అభిప్రాయానికి ధన్యవాదాలు.
మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?

పులిని చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.
తర్వాత తెలిసింది, ఆ రాత్రే మోరా ఈనిందట.
చలికి వణుకుతున్న పిల్ల మీద పులిని కప్పితే
తల్లి ఒకసారి మూచూసి
పళ్ళతో పట్టి పక్కకి లాగేసిందట.
ఇది చెప్పి ఒతీలియా నవ్విన నవ్వుకి
కొట్లో అరల మీది సీసాలు కదిలాయి.

ఆరు వారాల తర్వాత ఇంకో గొంగడితో వచ్చింది.
బయట జోరున వాన.
నేను దుప్పటి కోసం, దండెం కోసం వెతుకుతుంటే
ఆమె గుమ్మం దాటి
చూరు కింద రెండు చేతులూ చాచి నిలబడింది,
గొంగడి అంచు తడుస్తూ ఉండగా.

"ఇలాగే తియ్యి."